ఆటగాడి తప్పుకు కోచ్ న్యాయమూర్తి కాకూడదు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా విశ్వవిద్యాలయాలు తమ జట్ల ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలు కల్పించే ఒప్పందాన్ని 2025 జూన్‌లో ఇక్కడి ఫెడరల్ న్యాయస్థానం ఆమోదించింది. ఆనాటి నుంచి కాలేజీ క్రీడల ప్రస్తావన ఎక్కడ వచ్చినా డబ్బు దగ్గరే మొదలై డబ్బు దగ్గరే ముగుస్తోంది. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయం సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చన్న అంకె మన ప్రవాస కుటుంబాల విందుల్లో కూడా వినిపిస్తోంది. ఆ డబ్బు అందుకుంటున్న పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాడు మైదానం బయట ఒక అమ్మాయిపై దాడి చేశాడని ఫిర్యాదు వచ్చిననాడు ఏం చేయాలి, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్న ప్రశ్న మాత్రం ఆ మాటల్లో రావడం లేదు. టెక్సాస్‌లో చాలాకాలంగా ఉంటూ, పిల్లలను ఇక్కడి విశ్వవిద్యాలయాల్లోనే చదివించుకున్న తల్లిగా నేను ఆ ప్రశ్న గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మైదానం బయట జరిగిన తీవ్రమైన తప్పు విషయంలో కోచ్‌కు ఒకే ఒక్క బాధ్యత ఉండాలి. తన చెవిన పడిన సంగతిని ఏ మార్పూ చేయకుండా, ఏ ఆలస్యమూ లేకుండా, విద్యార్థులందరి ఫిర్యాదులనూ విచారించే విశ్వవిద్యాలయ అధికారికి చేరవేయడమే ఆ బాధ్యత. ఫిర్యాదు నిజమా కాదా అని తేల్చడం, శిక్ష నిర్ణయించడం, క్షమించడం, ఆ కుర్రవాణ్ని వేరే కాలేజీకి సర్దిపంపడం ఆయన పనులు కాకూడదు. ఆయన ఎంత మంచివారైనా కాకూడదు. గెలిస్తే జీతం పెరిగి, ఓడితే ఉద్యోగం పోయే మనిషిని తన జట్టులోని ముఖ్యమైన ఆటగాడి మీద న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం ఫిర్యాదు చేసిన విద్యార్థినికి అన్యాయం; నిందపడిన ఆటగాడికీ, చివరకు ఆ కోచ్‌కు కూడా అది మేలు చేయదు. జార్జియా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ 2024లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆయన ఏడాది జీతం 1.3 కోట్ల డాలర్లు. అంత జీతం గెలుపు మీద ఆధారపడి ఉన్నప్పుడు నిష్పాక్షికతను ఆశించడమే పొరపాటు.

ఇలా అనడానికి నాకు దూరం వెళ్లాల్సిన పని లేదు. మా డాలస్ నుంచి కారులో గంటన్నర దూరంలో వేకో అనే ఊరుంది. అక్కడి బేలర్ విశ్వవిద్యాలయం 1845లో స్థాపించిన బాప్టిస్టు సంస్థ. మద్యం, స్త్రీ పురుష సంబంధాల విషయంలో విద్యార్థులకు కఠిన నియమాలు పెట్టిన సంస్థ. దశాబ్దాల పాటు ఫుట్‌బాల్‌లో వెనుకబడి ఉన్న ఆ విశ్వవిద్యాలయం 2008లో ఆర్ట్ బ్రైల్స్ కోచ్‌గా వచ్చాక పైకి లేచింది. 2011లో దాని ఆటగాడు రాబర్ట్ గ్రిఫిన్‌కు దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ దక్కింది. 2013, 2014 సంవత్సరాల్లో వరుసగా తన విశ్వవిద్యాలయాల కూటమి అయిన బిగ్ 12 టైటిళ్లు వచ్చాయి. 2014లోనే బ్రాజోస్ నది ఒడ్డున సుమారు 26 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కొత్త స్టేడియం తెరిచారు. ఊరంతా ఆకుపచ్చ, బంగారు రంగుల్లో మునిగిపోయిన రోజులవి.

అవే రోజుల్లో ఆ జట్టు ఆటగాళ్ల మీద విద్యార్థినులు ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. 2014 జనవరిలో ఒక మాజీ ఆటగాడికి అత్యాచార నేరంపై 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2015 ఆగస్టులో మరో ఆటగాడిపై విచారణ జరిగినప్పుడు, అతణ్ని అంతకుముందు బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు తొలగించిందని, ఆ తర్వాతే బేలర్ చేర్చుకుందని లోకానికి తెలిసింది. అప్పుడు గానీ పాలకమండలి ఫిలడెల్ఫియాలోని ఒక న్యాయవాద సంస్థకు పూర్తిస్థాయి పరిశీలన అప్పగించలేదు. 2016 మే నెలలో అధ్యక్షుడు కెన్నెత్ స్టార్ ఆ పదవి కోల్పోయారు, కోచ్ బ్రైల్స్‌ను పక్కనపెట్టి తొలగించారు, అథ్లెటిక్ డైరెక్టర్ రాజీనామా చేశారు. 2011 నుంచి 17 మంది స్త్రీలు 19 మంది ఆటగాళ్లపై లైంగిక దాడి లేదా గృహహింస ఫిర్యాదులు చేశారని పాలకమండలి సభ్యులే అదే ఏడాది అక్టోబర్‌లో చెప్పారు.

పాలకమండలి అప్పట్లో బయటపెట్టిన 13 పేజీల నిర్ధారణల పత్రాన్ని కాలేజీ పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ చదవాలని నేను కోరుకుంటాను. ఫుట్‌బాల్ విభాగం విశ్వవిద్యాలయ నియమాలతో సంబంధం లేకుండా తనకంటూ ఒక సొంత క్రమశిక్షణ పద్ధతి నడుపుకున్నదని అందులో ఉంది. విచారణలో శిక్షణ లేని ఆ విభాగపు మనుషులే స్వయంగా విచారణలు చేసి, ఫిర్యాదు చేసిన అమ్మాయిల మాటకు విలువ లేకుండా చేశారని ఉంది. కొన్ని సందర్భాల్లో కోచ్‌లు, సిబ్బంది ఫిర్యాదు చేసిన విద్యార్థినితో గానీ, ఆమె తల్లిదండ్రులతో గానీ ముఖాముఖి మాట్లాడి కూడా ఆ సంగతిని పైకి నివేదించలేదని ఉంది. కొందరు ఆటగాళ్లను కారణం స్పష్టంగా చెప్పకుండా జట్టు నియమాలు ఉల్లంఘించారన్న పేరుతో పంపించివేసి, వేరే విశ్వవిద్యాలయాల్లో చేరేందుకు సాయపడ్డారని కూడా ఉంది.

తల్లిదండ్రులతో మాట్లాడారన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బిడ్డకు జరగరానిది జరిగితే, ఎక్కడో దూరపు ఊరి నుంచి బయలుదేరి వచ్చి, ఆ ఊళ్లో అందరూ గౌరవించే పెద్దమనిషి కోచ్ గారే కదా అని ఆయన ఎదుట కూర్చుని, కడుపులోని బాధంతా చెప్పుకుని, ఇక ఆయన చూసుకుంటారన్న నమ్మకంతో తిరిగి వెళ్లిపోయిన తల్లిదండ్రులు వారు. తాము చెప్పిన మాట ఆ గది దాటి వెళ్లలేదని వారికి తెలియదు. చట్టం ప్రకారం ఆ ఫిర్యాదును అందుకోవలసిన అధికారి వేరే ఉన్నారని కూడా వారికి ఎవరూ చెప్పి ఉండరు. చదువుల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ 9 చట్టం కింద విశ్వవిద్యాలయాలు ఏం చేయాలో ఫెడరల్ విద్యాశాఖ 2011లో మరోసారి గట్టిగా గుర్తుచేసింది. అయినా బేలర్ ఆ పనికి పూర్తికాల అధికారిని నియమించింది 2014 నవంబర్‌లో. స్టేడియం అప్పటికే తెరిచారు.

తర్వాత జరిగింది నన్ను మరింత బాధపెట్టింది. తొలగించిన కోచ్‌కు విశ్వవిద్యాలయం దాదాపు 1.51 కోట్ల డాలర్లు చెల్లించి ఒప్పందం ముగించుకుంది. కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ ఏళ్ల తరబడి పరిశీలించి, 2021 ఆగస్టులో తీర్పు ఇస్తూ, అక్కడ జరిగినవి నైతిక వైఫల్యాలేనని, అయితే ఆ ఫిర్యాదులను నివేదించకపోవడం తన నియమాల ఉల్లంఘన కిందికి రాదని తేల్చింది. ఇతర చిన్న ఉల్లంఘనలకు నాలుగేళ్ల పర్యవేక్షణ, 5,000 డాలర్ల జరిమానా, మరికొన్ని ఆంక్షలు విధించింది. ఒక ఆటగాడికి హద్దు మీరి భోజనం పెట్టించినా, విమాన టికెట్టు కొనిచ్చినా పట్టుకుని శిక్షించేందుకు దశాబ్దాల పాటు వందల పేజీల నియమాలు రాసుకున్న సంస్థ దగ్గర, ఒక విద్యార్థిని ఫిర్యాదును తొక్కిపెట్టిన కోచ్‌ను అడగడానికి ఒక్క నియమం లేకపోయింది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మాజీ సహాయ కోచ్ చిన్నపిల్లలపై చేసిన అఘాయిత్యాల విషయంలో 2012లో అదే సంస్థ నియమం లేకుండానే 6 కోట్ల డాలర్ల జరిమానా, సీజన్ ముగిశాక జరిగే ఆటలపై నాలుగేళ్ల నిషేధం విధించి, 112 విజయాలను రద్దు చేసి, మళ్లీ మూడేళ్లలోపే నిషేధాన్ని ఎత్తేసి విజయాలను తిరిగి ఇచ్చేసింది. ఆ పాపంతో సంబంధం లేని కొత్త విద్యార్థులే మధ్యకాలంలో ఆ నష్టాన్ని మోశారు. ముందుగా రాసిపెట్టుకున్న నియమం లేనప్పుడు ఒక చోట అతి, మరో చోట శూన్యం జరుగుతాయని ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

కోచ్‌ల తరఫున వినిపించే వాదన ఒకటుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, ఎందుకంటే దానిలో నిజం ఉంది. 1995 సెప్టెంబర్‌లో నెబ్రాస్కా జట్టులోని లారెన్స్ ఫిలిప్స్ అనే ఆటగాడు తన మాజీ స్నేహితురాలిపై దాడి చేసి, ఆమెను మెట్ల మీదుగా ఈడ్చుకెళ్లాడు. కోచ్ టామ్ ఆస్బోర్న్ అతణ్ని మొదట జట్టు నుంచి తప్పించి, ఆరు ఆటల తర్వాత వెనక్కి తీసుకున్నారు. తల్లిదండ్రుల ఆసరా సరిగా లేక పిల్లల వసతి గృహంలో పెరిగిన ఆ కుర్రవాడికి జీవితంలో ఉన్న ఒకే ఒక్క క్రమం ఫుట్‌బాల్ అని, అది కూడా తీసేస్తే పూర్తిగా చెడిపోతాడని ఆయన వాదించారు. ఆస్బోర్న్ నీతి విషయంలో పేరున్న మనిషి, తర్వాత నెబ్రాస్కా ప్రజలు ఆయనను అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నుకున్నారు. ఆయన మాట మనస్ఫూర్తిగా అన్నదేనని నేను నమ్ముతాను. 1996 జనవరి 2న జరిగిన ఫియెస్టా బౌల్‌లో ఫిలిప్స్ బంతితో 165 గజాలు పరుగెత్తాడు, నెబ్రాస్కా ఫ్లోరిడాను 62–24తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. ఆ తర్వాత అతని జీవితం మరిన్ని దాడులతో, సుదీర్ఘ జైలుశిక్షతో సాగి 2016 జనవరిలో కాలిఫోర్నియా జైలు గదిలో ముగిసింది.

ఆనాడు దాడికి గురైన అమ్మాయి కూడా అదే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి. ఆమెకు కూడా ఆటే క్రమం, చదువే ఆధారం. ఫిలిప్స్‌కు ఏది మేలు చేస్తుందని దేశమంతా వారాల తరబడి చర్చించింది గానీ, అతను తిరిగి తిరగబోయే ఆ క్యాంపస్‌లో ఆమె ఎలా చదువుకుంటుందని అడిగినవారు తక్కువ. కోచ్ కళ్లెదుట రోజూ కనిపించేది ఆటగాడే కాబట్టి ఆయన జాలి అటే మొగ్గుతుంది. అది మనిషి స్వభావం, దానికి ఆయనను తప్పుపట్టను. అందుకే ఆ నిర్ణయం ఇద్దరినీ సమానంగా చూడగల వేరొకరి చేతిలో ఉండాలంటున్నాను. కుర్రవాడికి కౌన్సెలింగ్, చదువు, ఉండేందుకు చోటు ఆగిపోకూడదన్న మాట నిజమైతే, వాటిని అతని స్కాలర్‌షిప్ ద్వారా కొనసాగించవచ్చు. వేల మంది చప్పట్ల మధ్య జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగడం ఆ సాయంలో భాగం కానక్కరలేదు.

1998లో ఆరెగన్ రాష్ట్రంలో బ్రెండా ట్రేసీ అనే యువతి నలుగురు మగవాళ్లు తనపై సామూహిక అత్యాచారం చేశారని పోలీసులకు ఫిర్యాదు చేసింది. వారిలో ఇద్దరు ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆటగాళ్లు. కేసు కోర్టు దాకా వెళ్లలేదు. కోచ్ ఆ ఇద్దరిని ఒక్క ఆటకు పక్కనపెట్టి, వాళ్లు మంచి కుర్రాళ్లేనని, ఒక చెడ్డ నిర్ణయం తీసుకున్నారని పత్రికలతో అన్నారు. ఆ మాట తనను ఎన్నేళ్లు వెంటాడిందో ఆమె 2014లో తన పేరుతో సహా బయటకు వచ్చి చెప్పాక విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ కోచ్ కూడా తర్వాత తాను పనిచేస్తున్న నెబ్రాస్కాకు ఆమెను పిలిపించి తన ఆటగాళ్ల ముందు మాట్లాడించారు. దానికి ఆయనను మెచ్చుకోవాలి. కానీ పదహారేళ్లకు పైగా ఆలస్యమైంది.

ఇక రెండో వైపు. ఫిర్యాదు రాగానే ఆటగాణ్ని దోషిగా ప్రకటించి గెంటివేయాలని నేను అనడం లేదు. 2006 మార్చిలో డ్యూక్ విశ్వవిద్యాలయ లాక్రాస్ జట్టు ఆటగాళ్లపై వచ్చిన అత్యాచార ఆరోపణ విషయంలో ఊరూ, పత్రికలూ, అధ్యాపకుల్లో చాలామందీ ముందే తీర్పు చెప్పేశారు. విశ్వవిద్యాలయం మిగిలిన సీజన్‌ను రద్దు చేసింది, కోచ్ రాజీనామా చేయాల్సి వచ్చింది, ముగ్గురు విద్యార్థులపై అభియోగాలు మోపారు. ఏడాది తర్వాత నార్త్ కరోలినా అటార్నీ జనరల్ ఆ ముగ్గురూ నిర్దోషులని విస్పష్టంగా ప్రకటించారు. సాక్ష్యాన్ని దాచిన జిల్లా ప్రాసిక్యూటర్ న్యాయవాద వృత్తి నుంచే బహిష్కరణకు గురయ్యారు. ఆనాటి తన ఆరోపణ అబద్ధమని ఫిర్యాదు చేసిన మహిళ 2024లో స్వయంగా ఒప్పుకుంది. కొడుకులున్న తల్లిగా ఈ సంగతి కూడా నేను మరచిపోలేను.

ఈమధ్యే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఉదంతం ఇంకా సూక్ష్మమైనది. 2023 డిసెంబర్‌లో అక్కడి బాస్కెట్‌బాల్ జట్టులో ప్రధాన ఆటగాడిపై కాన్సస్‌లో అత్యాచార అభియోగం నమోదైంది. విశ్వవిద్యాలయం వెంటనే అతణ్ని ఆటకు దూరం చేసింది. అతను కోర్టుకు వెళ్లగా, అతనికి సరైన ప్రక్రియ దక్కలేదన్న కారణంపై ఫెడరల్ న్యాయమూర్తి 2024 జనవరిలో అతణ్ని తిరిగి ఆడనివ్వాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆరు ఆటలు పోగొట్టుకున్న అతను మళ్లీ ఆడాడు. జూన్‌లో జ్యూరీ అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. దీన్నిబట్టి తాత్కాలికంగా పక్కనపెట్టడమే తప్పని కొందరు అంటారు. నేనలా అనుకోను. తీవ్రమైన అభియోగం నమోదైనప్పుడు తాత్కాలికంగా ఆట ఆపడం సబబే. అయితే ఆపిన కొద్ది రోజుల్లోనే, జట్టుతో గానీ క్రీడా విభాగంతో గానీ సంబంధం లేని ముగ్గురు సభ్యుల ముందు, న్యాయవాదిని వెంటబెట్టుకుని తన మాట చెప్పుకునే అవకాశం అతనికి ఉండాలి. ఫిర్యాదు చేసిన స్త్రీకీ అదే అవకాశం ఉండాలి. నిర్ణయానికి కారణాలు కాగితం మీద ఉండాలి. నిర్ణీత గడువుకోసారి దాన్ని తిరిగి సమీక్షించాలి. ఆ సమయంలో స్కాలర్‌షిప్, తరగతులు, వైద్యం ఆగకూడదు. నేరం రుజువు కాకముందు అతని నుంచి తీసుకుంటున్నది ఆట మాత్రమే కావాలి.

తప్పులన్నీ ఒకే బరువైనవి కావు గనుక అన్నింటినీ ఆ ముగ్గురు సభ్యుల ముందుకు లాగనక్కరలేదు. తరగతికి రానివాణ్ని, వయసు రాకముందే మద్యం తాగినవాణ్ని, హాస్టల్‌లో గోల చేసినవాణ్ని కోచ్ తెల్లవారుజామున మైదానం చుట్టూ పరుగెత్తించి సరిచేయగలరు, అది ఆయన పనే. ఆ గీత ఎక్కడ దాటుతుందో మాత్రం ఆయన నిర్ణయించకూడదు. జార్జియాలో 2023 జనవరి 15 తెల్లవారుజామున, జాతీయ టైటిల్ గెలిచిన సంబరం జరిగిన కొద్ది గంటలకే, కార్ల పందెంలో ఒక ఆటగాడు, కారు నడుపుతున్న జట్టు ఉద్యోగిని చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత కూడా అదే జట్టు ఆటగాళ్లు అతివేగంగా, నిర్లక్ష్యంగా బండ్లు నడిపి పోలీసులకు పట్టుబడటం ఆగలేదు. జట్టు లోపల వేసే శిక్షలు, మందలింపులు ఫలించలేదని తేటతెల్లమయ్యాక కూడా అది లోపలి వ్యవహారంగానే సాగింది. ఇద్దరి ప్రాణాలు పోయిన చోట అతివేగాన్ని చిన్న తప్పుగా లెక్కించే హక్కు ఎవరికీ లేదు.

ఆటగాళ్ల బదిలీ మరో చిక్కు. ఒక చోట తొలగించిన కుర్రవాడు మరో చోట హాయిగా చేరిపోతే ఎంత మంచి విచారణ జరిగినా ప్రయోజనం ఉండదు. 2015లో సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి, లైంగిక దాడి, గృహహింస వంటి కారణాలతో తొలగించిన ఆటగాళ్లను తమ పద్నాలుగు విశ్వవిద్యాలయాల్లో ఏదీ చేర్చుకోకూడదని తీర్మానించింది. 2017లో ఇండియానా విశ్వవిద్యాలయం ఆ నియమాన్ని తనకు తానుగా మరింత కఠినంగా పెట్టుకుంది. ఆటగాళ్లు తమపై జరిగిన విచారణలను, పడిన శిక్షలను ఏటా స్వయంగా వెల్లడించాలని, బదిలీపై వచ్చేవారి గతాన్ని విశ్వవిద్యాలయాలు అడిగి తెలుసుకోవాలని ఎన్‌సీఏఏ 2020లో ప్రకటించింది. మంచిదే. కానీ 2018లో, బదిలీ కోరే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలై, బదిలీ అయినవారు ఏడాది పాటు ఆట మానుకోవాలన్న నిబంధన కూడా తర్వాత తొలగిపోయాక ఆటగాళ్లు రోజుల వ్యవధిలో చేతులు మారుతున్నారు. సొంతంగా చెప్పుకునే వివరాల మీద మాత్రమే ఆధారపడటం సరిపోదు. వర్జీనియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2015లో, మా టెక్సాస్ 2019లో తెచ్చిన చట్టాల వల్ల క్రమశిక్షణ చర్యతో చదువు ఆగిన సంగతి విద్యార్థి ట్రాన్స్‌క్రిప్టు మీదే కనబడుతుంది. దేశమంతా ఆ నియమం వస్తే కొత్త కోచ్ తనకు తెలియదని తప్పించుకోలేరు.

టెక్సాస్ శాసనసభ అదే 2019లో మరో మంచి పని చేసింది. లైంగిక వేధింపు లేదా దాడి సంగతి తెలిసిన విశ్వవిద్యాలయ ఉద్యోగి ఎవరైనా దాన్ని టైటిల్ 9 అధికారికి నివేదించకపోతే ఉద్యోగం నుంచి తొలగించాలని, అది నేరం కూడా అని చట్టం చేసింది. 2020 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం కోచ్‌కు కూడా వర్తిస్తుంది. బేలర్ తర్వాత మా రాష్ట్రం నేర్చుకున్న పాఠాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే, ఎందుకంటే ఇది కోచ్ మనస్సాక్షి మీద ఆధారపడదు. మిగిలిన రాష్ట్రాలు దీన్ని అనుసరించాలి. కొత్తగా ఆటగాళ్లతో రాసుకుంటున్న డబ్బు ఒప్పందాల్లో కూడా ప్రవర్తనకు సంబంధించిన నిబంధనలు చేరుతున్నాయని వింటున్నాం. వాటిని అమలు చేసే అధికారం క్రీడా విభాగానికే ఇస్తే మళ్లీ పాత చోటికే వస్తాం.

మన దేశపు పాఠకులకు ఇది వింతగా అనిపించనక్కరలేదు. పని ప్రదేశాల్లో స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, దాన్ని అనుసరించి యూజీసీ చేసిన నిబంధనలు, ఫిర్యాదును విభాగాధిపతి చేతికి ఇవ్వకుండా, స్త్రీ అధ్యక్షతన, బయటి సభ్యురాలు లేదా సభ్యుడితో కూడిన కమిటీకి అప్పగించాయి. ఆ కమిటీలు ఎంత బాగా పనిచేస్తున్నాయన్నది వేరే చర్చ. నిందపడినవాడి లాభనష్టాల్లో భాగం ఉన్న మనిషి విచారించకూడదన్న సూత్రం మాత్రం అందులో ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో క్రీడా కోటా కింద చేరిన విద్యార్థుల విషయంలో, పతకాల ఆశతో వ్యాయామ విభాగమే సర్దుబాటు చేసేయకుండా, ఆ కమిటీ దాకా ఫిర్యాదు వెళ్లేలా చూడటం ఇక్కడి అనుభవం నుంచి మనం తీసుకోదగినది.

అమెరికాకు పిల్లలను పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక సమాచారం చెప్పాలి. 1986లో లీహై విశ్వవిద్యాలయ హాస్టల్ గదిలో హత్యకు గురైన జీన్ క్లెరీ అనే విద్యార్థిని పేరిట 1990లో వచ్చిన చట్టం ప్రకారం, ప్రతి విశ్వవిద్యాలయం తన క్యాంపస్‌లో నమోదైన నేరాల వివరాలతో ఏటా అక్టోబర్ 1లోగా ఒక నివేదిక ప్రచురించాలి. ర్యాంకులు, ఫీజులు, వీసాలు చూసుకునే సమయంలో ఆ నివేదిక కూడా తెరిచి చూడండి. టైటిల్ 9 అధికారి పేరు, ఫోన్ నంబరు విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ అమ్మాయి ఫోన్‌లో, అబ్బాయి ఫోన్‌లో కూడా అవి ఉండాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆటగాళ్లపై తీసుకున్న చర్యల గురించి అడిగినప్పుడల్లా విశ్వవిద్యాలయాలు 1974 నాటి విద్యార్థి రికార్డుల గోప్యత చట్టాన్ని చూపించి నోరు మెదపవు. కానీ హింసాత్మక నేరం లేదా లైంగిక నేరం విషయంలో విద్యార్థి తప్పు చేశాడని విశ్వవిద్యాలయమే తేల్చినప్పుడు, అతని పేరు, తేలిన తప్పు, విధించిన శిక్ష బయటపెట్టేందుకు ఆ చట్టం అడ్డురాదు. ఈ సంగతిని గట్టిగా నిలబెట్టింది నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడుపుకునే డైలీ టార్ హీల్ పత్రిక. 2016లో ఆ వివరాలు అడిగి, విశ్వవిద్యాలయం కాదంటే కోర్టుకెక్కి, 2020 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచింది. ఫిర్యాదు చేసినవారి పేర్లు ఆ పత్రిక అడగలేదు, అవి బయటికి రాకూడదు కూడా. అమెరికా కాలేజీ క్రీడల గురించి మీరు రాసేటప్పుడు, ఫలానా ఆటగాణ్ని జట్టు నియమాల ఉల్లంఘనపై తప్పించారని విశ్వవిద్యాలయం ఇచ్చిన ఒక్క వాక్యంతో వార్త ముగించకుండా, ఏ నియమం, ఎవరు విచారించారు, ఎవరు నిర్ణయించారు అని మీ ప్రతినిధుల చేత అడిగించమని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
డాలస్, టెక్సాస్